పట్టా ఉంది... మొదటి కొలువేదీ?

- దుబాయ్ నుంచి ఒక సైట్ సూపర్‌వైజర్

2025 జూన్ నెల. దుబాయ్‌లో ఎండ నిప్పులు చెరుగుతోంది. ఏటా జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడు గంటల వరకు ఆరుబయట పనులు ఆపాలన్న నిబంధన అప్పుడే మొదలైంది. ఆ విరామంలో మా సైట్‌లో షట్టరింగ్ కార్పెంటర్‌గా పనిచేసే అన్న ఒకాయన నా పక్కన వచ్చి కూర్చున్నాడు. జగిత్యాల జిల్లా మనిషి. గల్ఫ్‌కొచ్చి పద్దెనిమిదేళ్లయింది. "తమ్మీ, పిలగాడు దిగిండు. ఇంజినీరింగ్ పాసైండు గదా, ఏదన్న కొలువు సూడు" అన్నాడు. ఆ మాట చెబుతున్నప్పుడు ఆయన మొహంలో కనిపించిన సంతోషం నాకింకా గుర్తుంది. కొడుకు తనలాగా పలకలు మోయడు, హెల్మెట్ పెట్టుకుని డ్రాయింగ్ పట్టుకుంటాడన్న సంతోషం అది.

ఏ వీసా మీద వచ్చాడని అడిగాను. "విజిటే. రెండు నెలలుంటదట. ఈడికొచ్చినంక కంపెనీ వీసా కొట్టిస్తరని ఏజెంట్ చెప్పిండు" అన్నాడు. లక్షా ఇరవై వేలు ఆ ఏజెంట్ చేతిలో పోసి వచ్చాడట. నాకు నోట మాట రాలేదు.

ఇది ఆ ఒక్క తండ్రి కథ కాదు. మన పేజీ చదివే అన్నదమ్ముల్లో చాలామంది ఇళ్లల్లో ఇప్పుడు ఒక ఇంజినీరో, ఒక డిగ్రీ పట్టభద్రుడో ఉన్నారు. మనం ఇక్కడ చెమటోడ్చి పంపిన పైసలతో చదివినవాళ్లే. చదువైపోయింది, కొలువు లేదు. "నీ దగ్గరికి పంపిస్తే ఏదో ఒకటి దొరకదా?" అని ఇంటి నుంచి ఫోన్లు. అందుకే ఈ విషయం మీద నాలుగు మాటలు రాయాలనిపించింది.

చదివినవాడికే కరువు

చదువుకుంటే పని దొరుకుతుంది, చదువు లేకపోతే దొరకదు అని మనం చిన్నప్పటి నుంచి విన్నాం. లెక్కలు చూస్తే తలకిందులుగా ఉన్నాయి. అంతర్జాతీయ కార్మిక సంస్థ, ఢిల్లీలోని మానవాభివృద్ధి సంస్థ కలిసి 2024లో భారతదేశ ఉపాధి నివేదిక విడుదల చేశాయి. దాని ప్రకారం 2022లో పట్టభద్రులైన యువతలో నిరుద్యోగం 29.1 శాతం. చదవడం, రాయడం రాని యువతలో అది 3.4 శాతం మాత్రమే. అంటే పట్టా ఉన్నవాడు పని దొరకకుండా ఉండే అవకాశం నిరక్షరాస్యుడికన్నా దాదాపు తొమ్మిది రెట్లు ఎక్కువ!

దీనర్థం చదువు దండగ అని కాదు. చదువు లేనివాడు ఇంట్లో కూర్చుంటే పొయ్యి వెలగదు కాబట్టి దొరికిన కూలికి పోతాడు. చదివినవాడు చదువుకు తగ్గ పని కోసం ఎదురుచూస్తాడు. తండ్రి గల్ఫ్ నుంచి పైసలు పంపుతున్నంత కాలం ఆ ఎదురుచూపు సాగుతుంది. మా అన్న కొడుకు 2024లో సివిల్ ఇంజినీరింగ్ పాసయ్యాడు. ఏడాది పాటు అమీర్‌పేటలో సాఫ్ట్‌వేర్ కోర్సులు నేర్చుకున్నాడు. రెండు కోర్సులు చేసినా ఇంటర్వ్యూ పిలుపు రాలేదు. అప్పుడు గుర్తొచ్చింది దుబాయ్.

2008 ప్రాంతంలో ఉమ్మడి రాష్ట్రంలో ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చాక ఇంజినీరింగ్ చదువు పేదింటి గడప దాకా వచ్చింది. అది మంచిదే. ఆ పథకమే లేకపోతే మా అన్న కొడుకు ఇంజినీరింగ్ మొహం చూసేవాడు కాదు. కానీ ఆ బకాయిలు సర్కారు ఏళ్ల తరబడి ఆపితే ఏమవుతుంది? 2025 నవంబర్‌లో తెలంగాణలో ప్రైవేటు కాలేజీలు బకాయిల కోసం బంద్ పెట్టాయి. సర్కారుకు, కాలేజీకి మధ్య నలిగేది విద్యార్థి. మా అన్న కొడుకు సర్టిఫికెట్లు కూడా కాలేజీ ఊరికే ఇవ్వలేదు. ప్రభుత్వం నుంచి ఫీజు రాలేదంటూ ముప్పై అయిదు వేలు కట్టించుకున్నాకే చేతిలో పెట్టింది. ఒరిజినల్ సర్టిఫికెట్ లేకుండా మొదటి ఉద్యోగం ఎవరిస్తారు?

సైట్ అడిగేది వేరు

ఒక ఆదివారం ఆ అబ్బాయిని కలిశాను. దేరాలో ఒక గదిలో పన్నెండు మంది, పైనా కిందా మంచాలు. తెలివైన పిల్లగాడే. మర్యాద తెలిసినవాడు. "కాకా, నాకు డెబ్బై ఎనిమిది శాతం వచ్చింది" అన్నాడు. నేను ఒక కాగితం మీద చిన్న బీమ్ గీసి, దీనికి బార్ బెండింగ్ షెడ్యూల్ వెయ్యి అన్నాను. సబ్జెక్టు చదివాడు గానీ ఎన్నడూ వేసి చూడలేదు. ఆటో లెవెల్ పెట్టి రీడింగ్ తీశావా అంటే, సర్వే క్యాంపులో అయిదారుగురు కలిసి ఒకసారి తీశారట. కాంక్రీట్ క్యూబ్‌లు ఏడు రోజులకు, ఇరవై ఎనిమిది రోజులకు ఎందుకు పగలగొడతారో చెప్పాడు. కానీ పగలగొట్టేటప్పుడు దగ్గర నిలబడి చూడలేదు.

తప్పు పిల్లగాడిది కాదు. నేర్పనిది ఎవడికీ రాదు. కానీ ఇక్కడి కంపెనీవాడు అడిగే మొదటి ప్రశ్న "ఎన్నేళ్ల అనుభవం?" రెండో ప్రశ్న "అందులో గల్ఫ్ అనుభవం ఎంత?" మార్కులు ఎన్ని అన్న ప్రశ్న నేను ఇక్కడ ఒక్క ఇంటర్వ్యూలో కూడా వినలేదు. కారణం సులువు. వీసా, టికెట్, మకాం, మెడికల్ అన్నీ కంపెనీ భరించాలి. అంత ఖర్చు పెట్టి తెచ్చుకున్నవాడు దిగిన మర్నాడే పని చేయాలి. నేర్పించి తయారు చేసుకునే ఓపిక గల్ఫ్‌కు లేదు. మొదటి కొలువు కోసం గల్ఫ్‌కు రావడమంటే ఈత నేర్చుకోవడానికి నేరుగా నడిసముద్రంలో దూకడమే.

విజిట్ మీద వచ్చి ఉద్యోగం దొరికి, ఇక్కడే వీసా మార్చుకున్నవాళ్లు లేరా? ఉన్నారు. నాకు తెలిసినవాళ్లలోనే ముగ్గురున్నారు. కానీ ముగ్గురూ హైదరాబాద్‌లోనో, బెంగళూరులోనో నాలుగైదేళ్లు సైట్ మీద పనిచేసి వచ్చినవాళ్లు. వాళ్లను చూపించి కొత్త పిల్లలకు ఆశ పెట్టడమే ఏజెంట్ల వ్యాపారం.

తలుపులు ఒక్కొక్కటే బిగుస్తున్నాయి

సౌదీ సంగతి చూద్దాం. అయిదేళ్ల అనుభవం లేని విదేశీ ఇంజినీర్లను తీసుకోవద్దని అక్కడ 2018లోనే నిర్ణయించారు. 2024 జూలై నుంచి అయిదుగురు, అంతకు మించి ఇంజినీర్లున్న ప్రైవేటు కంపెనీల్లో 25 శాతం మంది సౌదీ జాతీయులే ఉండాలన్నారు. వాళ్ల పిల్లలకు కూడా మొదటి కొలువు కావాలి కదా! తప్పు పట్టలేం.

కువైట్ మరో పాఠం నేర్పింది. 2018లో ఇంజినీర్ల అకామా రెన్యువల్‌కు కువైట్ ఇంజినీర్ల సొసైటీ ఆమోదం తప్పనిసరి చేశారు. మన దేశం నుంచి వచ్చినవాళ్లకు నేషనల్ బోర్డ్ ఆఫ్ అక్రిడిటేషన్, అంటే ఎన్‌బీఏ గుర్తింపు ఉన్న కోర్సు చదివితేనే ఆ ఆమోదం అన్నారు. ఏళ్ల తరబడి ఇంజినీర్‌గా పనిచేస్తున్నవాళ్లు కూడా చిక్కుల్లో పడ్డారు. ఇక్కడ గమనించాల్సింది ఏమిటంటే, ఎన్‌బీఏ గుర్తింపు కాలేజీ మొత్తానికి ఇవ్వరు, బ్రాంచి బ్రాంచికి విడివిడిగా ఇస్తారు. కాలేజీ గేటు మీద బోర్డు చూసి పిల్లల్ని చేర్చేవాళ్లు, మన బ్రాంచికి ఉందా అని ఒక్క మాట అడగాలి.

యూఏఈ కొంత నయం. 2022లో ఉద్యోగం వెతుక్కునేవాళ్ల కోసం 60, 90, 120 రోజుల ప్రత్యేక వీసా తెచ్చారు. కానీ అది పై స్థాయి నైపుణ్యం ఉన్నవాళ్లకు, లేదంటే ప్రపంచంలో మొదటి 500 విశ్వవిద్యాలయాల్లో కొత్తగా చదువు ముగించినవాళ్లకు. మా అన్న కొడుక్కి ఏజెంట్ అంటగట్టింది మామూలు టూరిస్టు వీసా. దానికి వాడు పెట్టిన పేరు మాత్రం "జాబ్ వీసా".

పట్టా చెల్లుబాటు కావడానికి అటెస్టేషన్ అనే మరో మెట్టు ఉంది. ముందు రాష్ట్రంలో, తర్వాత మన విదేశాంగ శాఖలో, తర్వాత యూఏఈ ఎంబసీలో, చివరికి ఇక్కడి విదేశాంగ శాఖలో ముద్రలు పడాలి. ఇవేవీ లేకుండా పట్టా జిరాక్సు పట్టుకుని దిగాడు మా పిల్లగాడు.

చదువుకున్నవాడికి కాపలా లేదు

ఇక అసలు విషయం. మన దేశ వలస చట్టం 1983 నాటిది. ఈ చట్టం కింద పదో తరగతి పాస్ కానివాడు గల్ఫ్ దేశాలకు పనికి పోవాలంటే ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అనుమతి ఉండాలి. కాంట్రాక్టు చూస్తారు, జీతం చూస్తారు. ప్రవాసీ భారతీయ బీమా యోజన కింద పది లక్షల బీమా తప్పనిసరి. ప్రీమియం రెండేళ్లకు 275, మూడేళ్లకు 375 రూపాయలే. పది పాసయినవాడిది ఈసీఎన్‌ఆర్ పాస్‌పోర్టు. వాడికి ఈ తనిఖీ ఏదీ లేదు. చదువుకున్నవాడు తన మంచిచెడ్డలు తానే చూసుకుంటాడని చట్టం నమ్మకం.

ఆ నమ్మకం ఎంతవరకు నిజం? మా సైట్‌లో హెల్పర్‌గా వచ్చినవాడి కాంట్రాక్టు కనీసం ఒక అధికారి కళ్లలో పడింది. ఇంజినీర్ పట్టా ఉన్నవాడు ఎవరి కంటా పడకుండా విమానం ఎక్కి దిగాడు. గల్ఫ్ సహా 18 దేశాలకు ఉద్యోగానికి పోయే ఈసీఎన్‌ఆర్ వాళ్లు కూడా 2019 జనవరి 1 నుంచి ఈ-మైగ్రేట్‌లో పేరు నమోదు చేసుకోవాలని కేంద్రం 2018 నవంబర్‌లో ప్రకటించింది. విమర్శలు రావడంతో అదే నెలలో దాన్ని పక్కన పెట్టి, ఇష్టమైతే చేసుకోండి అంది. తప్పనిసరి చేసి ఎయిర్‌పోర్టులో ఆపడం సరికాకపోవచ్చు. కానీ చదువుకున్న నిరుద్యోగి మోసపోడు అనుకోవడం అంతకన్నా పెద్ద పొరపాటు.

ఆ పొరపాటుకు ఫలితం మా కళ్ల ముందే చూశాం. నలభై రోజులు గడిచాయి. చెయ్యని అప్లికేషన్ లేదు. అప్పుడొక సబ్ కాంట్రాక్టర్ "ముందు పనిలో చేరు, వీసా తర్వాత చేయిస్తా" అన్నాడు. వద్దని నేను చెప్పాను. విజిట్ వీసా మీద పని చేయడం ఇక్కడ నేరం. పర్మిట్ లేకుండా పని చేయించుకునే యజమానికి 2024లో చట్టం మార్చి జరిమానాను లక్ష నుంచి పది లక్షల దిర్హమ్‌ల దాకా పెంచారు. దొరికితే పనిచేసినవాడినీ దేశం నుంచి పంపిస్తారు. అయినా పిల్లగాడు పోయాడు. ఉత్త చేతులతో ఊరికి పోవడం కన్నా అదే నయమనుకున్నాడు. పదకొండు రోజులు ఇటుకలు, సిమెంట్ బస్తాలు మోయించారు. పన్నెండో రోజు ఫోన్ ఎత్తలేదు. జీతం లేదు. కంప్లయింట్ చేద్దామంటే తాను పని చేయడమే తప్పు. నెత్తిన కొడితే కక్కలేడు, మింగలేడు.

కాగితం లేని నా రెండేళ్లు

ఇది చదివి కొందరు, నువ్వు వెళ్లి సెటిలయ్యావు కాబట్టి నీతులు చెబుతున్నావ్ అనొచ్చు. నా సంగతీ చెబుతా. నేను 2009లో పాలిటెక్నిక్‌లో సివిల్ డిప్లొమా పూర్తి చేశాను. మొదటి కొలువు కాలువ పనుల మీద. నెలకు 4,500 రూపాయలు, చేతికే ఇచ్చేవారు. నియామక పత్రం లేదు, పీఎఫ్ లేదు. పని మాత్రం బాగా నేర్చుకున్నా. లెవెల్ పట్టడం ఓ ముసలి సర్వేయర్ నేర్పాడు, రాడ్ లెక్క ఓ రాడ్ బెండర్ నేర్పాడు. రెండేళ్ల తర్వాత మానేసేటప్పుడు అనుభవ పత్రం అడిగితే ఆ కాంట్రాక్టర్ "నువ్వెవరివో నా పుస్తకంలోనే లేవు" అన్నాడు.

ఆ ఒక్క కాగితం లేక 2012లో డిప్లొమా ఉండి కూడా హెల్పర్ వీసా మీద వచ్చాను. సూపర్‌వైజర్ కావడానికి నాలుగేళ్లు పట్టింది. రెండేళ్లు చేసిన పని నా చేతుల్లో ఉంది గానీ, నా ఫైల్‌లో లేదు. మొదటి కొలువులో జీతం ఎంతన్నది రెండో మాట, కాగితం ఉందా లేదా అన్నది మొదటి మాట అని నాకు అప్పుడు తెలిసింది.

ఒకసారి లెక్క వేసి చూద్దాం

మా అన్న కొడుకు రెండు నెలల దుబాయ్ ప్రయాణానికి ఏజెంట్ ఫీజు, టికెట్, మంచం అద్దె, తిండి, టాక్సీలు అన్నీ కలిపి రెండు లక్షలయింది. నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన అప్పు. నెలకు నాలుగు వేలు వడ్డీకే పోతుంది. అదే పిల్లగాడు పాసయిన మర్నాడే ఊరి దగ్గర్లోనో, హైదరాబాద్‌లోనో పదిహేను వేలకు సైట్‌లో చేరి ఉంటే ఏడాదికి లక్షా ఎనభై వేలు వచ్చేవి. తిండికి, గదికి పోయినా అప్పు ఉండేది కాదు. పైగా ఒక ఏడాది అనుభవం మిగిలేది.

"ఇంజినీర్ చదివి పదిహేను వేలకా? మేస్త్రీకే అంతకన్నా ఎక్కువొస్తది" అని ఊళ్లో నవ్వుతారని తల్లిదండ్రుల భయం. నిజమే, మేస్త్రీకి ఎక్కువే వస్తుంది. మేస్త్రీ పదేళ్లు పని నేర్చుకున్నాడు కాబట్టి! పదిహేను వేలు ఇంజినీర్ జీతం కాదు. నేర్చుకుంటున్నందుకు వాళ్లే ఎదురిచ్చే ఫీజు అనుకోవాలి. అయితే తక్కువ జీతాలిచ్చే కంపెనీలను వెనకేసుకు రావడం నా ఉద్దేశం కాదు. అయిదేళ్లయినా అదే పదిహేను వేల దగ్గర ఉంచేవాళ్లున్నారు. అక్కడ రెండో ఏడే కొత్త చోటు వెతుక్కోవాలి.

మరేం చేయాలి?

మొదటిది, చదువైపోగానే అప్రెంటిస్‌షిప్. 1961 నాటి అప్రెంటిస్ చట్టాన్ని 1973లో సవరించి పట్టభద్రులకు, డిప్లొమా వాళ్లకు కూడా వర్తింపజేశారు. ఏడాది శిక్షణ, నెలనెలా స్టైపెండ్, చివర్లో కేంద్రం గుర్తించిన సర్టిఫికెట్. కనీస స్టైపెండ్‌లో సగం కేంద్రమే భరిస్తుంది. మన రెండు రాష్ట్రాల వ్యవహారం చెన్నైలోని దక్షిణ ప్రాంత అప్రెంటిస్ బోర్డు చూస్తుంది. ఈ సంగతి కాలేజీలు చెప్పవు, మనమే అడగాలి.

రెండోది, ఎక్కడ చేరినా నియామక పత్రం, బ్యాంకు ద్వారా జీతం, పీఎఫ్ నంబర్ అడిగి తీసుకోవాలి. 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన కార్మిక కోడ్‌ల ప్రకారం నియామక పత్రం ఇవ్వడం యజమాని బాధ్యత. పీఎఫ్ ఖాతా ఎంత విలువైన సాక్ష్యమంటే, ఏ నెల నుంచి ఏ నెల దాకా ఎక్కడ పనిచేశామో అదే చెబుతుంది. అయిదు వేలకు అమ్మే దొంగ అనుభవ పత్రం దాని ముందు నిలబడదు. దొంగ పత్రంతో వచ్చి దొరికితే కొలువు పోవడమే కాదు, కేసు కూడా అవుతుంది.

మూడోది, మొదటిసారి కొలువులో చేరేవాళ్ల కోసం కేంద్రం 2025 ఆగస్టు 1 నుంచి ప్రధానమంత్రి వికసిత భారత్ రోజ్‌గార్ యోజన పెట్టింది. 2027 జూలై 31 లోపు మొదటిసారి పీఎఫ్‌లో చేరి, నెల జీతం లక్ష లోపు ఉన్నవాళ్లకు ఒక నెల జీతం మేరకు, 15 వేలకు మించకుండా రెండు వాయిదాల్లో ఇస్తారు. ఆరు నెలలు నిలబడితే మొదటి వాయిదా, ఏడాది నిలబడితే రెండోది. ఇది కూడా పీఎఫ్ ఉన్నవాడికే!

నాలుగోది, రెండు మూడేళ్ల అనుభవం వచ్చాక గల్ఫ్ అనుకుంటే రాజమార్గంలోనే రావాలి. ఏజెంట్ పేరు ఈ-మైగ్రేట్ జాబితాలో ఉందో లేదో చూసుకోవాలి. రిజిస్టర్డ్ ఏజెంట్ తీసుకోదగ్గ ఫీజు 30 వేలు, దాని మీద జీఎస్టీ, అంతే. రసీదు ఇవ్వనంటే లేచి వచ్చేయాలి. తెలంగాణలో టామ్‌కామ్, ఆంధ్రప్రదేశ్‌లో ఓమ్‌క్యాప్ ప్రభుత్వ సంస్థలే, అక్కడ అడగొచ్చు. యూఏఈలో 2022 ఫిబ్రవరి నుంచి అమల్లో ఉన్న కార్మిక చట్టం ప్రకారం నియామక ఖర్చులు కార్మికుడి దగ్గర వసూలు చేయకూడదు. "కంపెనీయే అడుగుతోంది" అని ఏజెంట్ అంటే అది అబద్ధమైనా కావాలి, నేరమైనా కావాలి.

ప్రభుత్వాలు చేయాల్సింది కూడా ఉంది. ఫీజు బకాయిల పేరుతో సర్టిఫికెట్లు ఆపడం మానిపించాలి. పదో తరగతి గీత గీసి, ఆ పైవాళ్లంతా క్షేమమే అనుకోవడం మానాలి. చివరి ఏడాది విద్యార్థులకు కాలేజీల్లోనే విజిట్ వీసా మోసాల గురించి ఒక్క పూట చెప్పినా ఎన్నో ఇళ్లు నిలబడతాయి.

ఆ తండ్రి ఇంకా ఇక్కడే...

మా అన్న కొడుకు వీసా గడువుకు రెండు రోజుల ముందు ఆగస్టులో తిరిగి వెళ్లిపోయాడు. గడువు దాటితే రోజుకు 50 దిర్హమ్‌ల జరిమానా. దాన్నైనా తప్పించగలిగాం. అక్టోబర్‌లో హైదరాబాద్ శివార్లలో ఒక అపార్ట్‌మెంట్ సైట్‌లో చేరాడు. పదహారు వేలు, పీఎఫ్ ఉంది. మొన్న ఫోన్ చేసి, "కాకా, నిన్న స్లాబ్ రాడ్ లెక్క నేనే ఏసిన. మేస్త్రీ చూసి రెండు తప్పులే అన్నడు" అని చెప్పాడు. వాడి గొంతులో ఆ మాట వింటే నాకే కొలువు దొరికినంత సంబరమయింది.

అయితే వాడి తండ్రి 2025 దసరాకు గల్ఫ్ విడిచి ఇంటికి పోవాల్సిన మనిషి. మోకాళ్ల నొప్పులు. సామాన్లు కూడా సర్దుకోవడం మొదలుపెట్టాడు. రెండు లక్షల అప్పు తీరాలని మళ్లీ రెండేళ్ల కాంట్రాక్టు మీద సంతకం చేశాడు. ఇవాళ కూడా నాలుగో అంతస్తులో పలకలు బిగిస్తున్నాడు.

కాబట్టి అన్నల్లారా, తమ్ముళ్లారా, పిల్లలకు విజిట్ వీసా కోసం పైసలు పంపే ముందు ఒక్కసారి ఆగండి. "నీ పేరు మీద ఒక్క నెల పీఎఫ్ అయినా ఉందా బిడ్డా?" అని అడగండి. లేదంటే వాడికి కావాల్సింది విమానం టికెట్ కాదు, ఊళ్లోనే ఒక సైట్, నేర్పే ఒక మేస్త్రీ.